కాలక్షేపమా? వ్యాపకమా?

ఉద్యోగం నుంచి విరమించిన మనిషికి మొదటి నెల పండుగ. రెండో నెల సెలవులు. మూడో నెల నుంచి ఇంట్లోవాళ్ళకు పరీక్ష. పాలల్లో నీళ్ళు కలిశాయని ఆయనే కనిపెడతాడు. కూరగాయల బేరం ఆయనే చేస్తాడు. పొయ్యి మంట ఎక్కువైందని వంటింట్లోకి వచ్చి మరీ చెబుతాడు. ముప్ఫై అయిదేళ్ళు ఫైళ్ళు సర్దిన చెయ్యిని ఊరికే వుండమంటే ఎలా వుంటుంది చెప్పండి? ఆఖరికి ఇంటావిడ విసిగిపోయి, "మిమ్మల్ని ఇంకో మూడేళ్ళు వుంచుకుంటే సర్కారు సొమ్మేం పోయింది!" అంటుంది.

సర్కారు ఆ మాట విన్నట్టే వుంది. తెలంగాణలో పదవీ విరమణ వయస్సును 2021లో 58 నుంచి 61కి పెంచారు. సరిగ్గా మూడేళ్ళు! అయితే దానితో సమస్య తీరిందా అంటే, లేదు. వాయిదా పడింది, అంతే. 61వ ఏట ఇంటికి వచ్చిన మనిషి ముందు ఇంకా పదిహేనో ఇరవయ్యో ఏళ్ళు వుంటాయి. ఆ ఏళ్ళను ఏం చెయ్యటం?

"ఏదో కాలక్షేపం చేసుకోమనండి" అంటారు కాబోలు మీరు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నేను ఈ మాట దగ్గర కాస్త ఆగుతాను. క్షేపం అంటే విసరటం. వాడుకలో అర్థం ఏదైనా, అక్షరాలా తీసుకుంటే కాలక్షేపం అంటే కాలాన్ని విసిరి పారెయ్యటమే. కుర్రవాడి దగ్గర కాలం గంపెడు వుంటుంది. గుప్పెడు విసిరినా లోటు కనిపించదు. పెద్దవాళ్ళ దగ్గర వున్నదే గుప్పెడు. దాన్ని విసిరెయ్యమని సలహా చెప్పటం ఏం న్యాయం?

మన భాషలోనే ఇంకో మంచి మాట వుంది. వ్యాపకం. వ్యాపించేది వ్యాపకం. పొద్దున్న మెలకువ రాగానే "ఇవ్వాళ ఫలానా పని వుంది" అని గుర్తుకువచ్చి, కాళ్ళను మంచం మీది నుంచి దింపేది వ్యాపకం. కాలక్షేపానికి మన అవసరం లేదు. టీవీ పెట్టి కుర్చీలో కునుకు తీసినా అది దానంతట అదే జరిగిపోతుంది. వ్యాపకానికి మాత్రం మనిషి కావాలి. పెద్దవాళ్ళకు కావలసింది పొద్దుపోవటం కాదు, తమ కోసం ఎదురుచూసే పని ఒకటి. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే.

మాది సారంగాపూర్. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా ఏర్పడేదాకా కరీంనగర్ జిల్లాలో వుండేది. మా వైపు పదవీ విరమణ ఉత్తర్వులు చేతపట్టుకుని పూలదండతో ఇంటికి వచ్చేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. తక్కినవాళ్ళు వ్యవసాయదారులు, కూలివాళ్ళు, బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు. రైతుకు రిటైర్మెంటు ఆర్డరు ఎవరిస్తారు? మోకాళ్ళు ఇస్తాయి. ఒక ఏడు నాగలి, మరుసటి ఏడు చేతికర్ర. మధ్యలో వీడ్కోలు సభ వుండదు.

దానికి తోడు మరో సంగతి వుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలనుంచి దుబాయికో మస్కట్‌కో సౌదీకో మనిషి పోని ఊరు అరుదు. కొడుకులు అక్కడ, కోడళ్ళు పిల్లల చదువుల కోసం పట్నంలో, ముసలివాళ్ళు ఇక్కడ. మొన్న ఊరికి పోయినప్పుడు వేపచెట్టు గద్దె మీద కూర్చున్న ఒక పెద్దాయనను, "ఎట్లున్నవు పెద్దబాపూ?" అని పలకరించాను.

"మంచిగనే వున్న కొడుకా. పైసలు నెలనెల వస్తున్నయి. పొద్దే పోతలేదు" అన్నాడు.

ఈ మాటను తేలికగా తీసుకోకండి. ఒంటరితనం కారణంగా ప్రపంచంలో ఏటా 8,71,000కు పైగా మరణాలు సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2025లో అంచనా వేసింది. ఆ గద్దె మీద కూర్చున్న పెద్దాయన చెప్పింది కూడా అదే. ఆయన అంకెలు చెప్పలేదు, అంతే తేడా.

మరి వ్యాపకం వల్ల ఉపయోగం వుందా? వున్నదనే చెబుతున్నారు. 65 దాటిన 93,000 మంది వివరాలను 16 దేశాలనుంచి సేకరించి చూసిన పరిశోధన ఒకటి 2023లో వెలువడింది. ఏదో ఒక అభిరుచి వున్నవాళ్ళలో దిగులు తక్కువగానూ, ఆరోగ్యం, తృప్తి ఎక్కువగానూ కనిపించాయని దాని సారాంశం. అంతకు ముందు 2003లో అమెరికాలో 75 దాటిన 469 మందిని పరిశీలించినవాళ్ళు మరో ముచ్చట చెప్పారు. చదవటం, బల్లమీద ఆడే ఆటలు, వాద్యం వాయించటం, నాట్యం చెయ్యటం అలవాటున్నవాళ్ళకు మతిభ్రంశం వచ్చే అవకాశం తక్కువగా కనిపించిందట. అలా అని చదరంగం ఆడితే మతిమరుపు దగ్గరకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. బుద్ధి చురుకుగా వున్నవాళ్ళే ఆటకు కూర్చుంటారేమో అన్న శంక కూడా వుండనే వుంది. అయితే మందుకు వున్నట్టు దీనికి ఖర్చు లేదు. పథ్యమూ లేదు. నష్టం లేని బేరం అన్నమాట.

ఇంతకూ ఏ వ్యాపకం మంచిది? ఎంచుకోవటానికి నేను మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. దీనివల్ల ఒళ్ళు కదులుతుందా? బుద్ధి కదులుతుందా? పక్కన ఇంకో మనిషి వుంటాడా? మూడింటికీ అవునని జవాబు వస్తే అదృష్టం. రెండింటికి వచ్చినా చాలు. ఒక్కదానికీ రాకపోతే అది కాలక్షేపమే.

ఆటల సంగతి తీసుకోండి. కొత్తవి కొనితెచ్చుకోనక్కర్లేదు. పులి మేక ఆట వుండనే వుంది. బండ మీద బొగ్గుతో గీతలు గీస్తే బల్ల తయారు. మామూలుగా పులులు మూడు, మేకలు పదిహేను. పులికి బలం వుంది, మేకలకు సంఖ్య వుంది. పులి దూకి మేకను తింటుంది, మేకలు కూడబలుక్కుని పులిని కట్టేస్తాయి. పాత గుళ్ళ మండపాలలో రాతి మీద చెక్కిన ఈ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే మన పూర్వులు దైవదర్శనం అయ్యాక దీనికీ కాస్త వేళ కేటాయించారన్నమాట. ఇక పచ్చీసుకు గవ్వలు, గుడ్డముక్క చాలు. ఓమనగుంటలకు ఏడేసి గుంటల వరుసలు రెండు, దోసెడు చింతగింజలు. ఏ గుంటలో ఎన్ని గింజలున్నాయో, ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఖాళీ వస్తుందో లెక్కవేస్తూ మా నాయనమ్మ నోటితో కబుర్లు చెప్పేది. మనవల లెక్కల మార్కులు చూసి ఆమెకు నవ్వు వచ్చేదంటే ఆశ్చర్యమేముంది? ఇందులో ఒళ్ళు పెద్దగా కదలదు నిజమే. బుద్ధి కదులుతుంది. ఎదురుగా మనిషి తప్పక వుంటాడు. నేల మీద కూర్చోలేనివాళ్ళు గుంటల పలకను బల్ల మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఆడవచ్చు. ఆట గౌరవం ఏమీ తగ్గదు.

మూడు ప్రశ్నలకూ అవునని చెప్పగల వ్యాపకం మా జిల్లాలో ఒకటి వుంది. చిరుతలు. చేతిలో పట్టే చెక్కలు, వాటికి మువ్వల్లాంటి చిన్న బిళ్ళలు. వాటిని లయగా వాయిస్తూ, పాడుతూ, వలయంగా తిరుగుతూ అడుగులు వెయ్యాలి. చిరుతల రామాయణం కోసం ఊళ్ళోవాళ్ళే గురువును పెట్టుకుని, పొలం పనులు లేని రాత్రులు నెలల తరబడి నేర్చుకునేవారు. పగలు కల్లంలో వడ్లు తూర్పారబట్టినవాడు రాత్రి రావణాసురుడు. రాముడి వేషం వేసినవాడికి ఊళ్ళో ఏడాది పొడుగునా రాముడనే పేరు. కోలాటం కూడా అంతే. ఇప్పుడు ఆడవాళ్ళు బృందాలుగా చేరి సాయంకాలాలు నేర్చుకుంటున్నారు. అడుగు తప్పకూడదు, పక్కమనిషి కోలకు మన కోల తగలాలి, పాట మరవకూడదు. కాలు, చెయ్యి, జ్ఞాపకం, తోడు, నాలుగూ ఒక్కచోట వున్నాయి. 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలనీ, మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే అభ్యాసం చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు కోలాటం వేస్తే ఆ లెక్క సరిపోతుంది.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. జపానులో 1947లో పిల్లల కోసం కనిపెట్టిన గేట్ బాల్ అనే ఆట ఒకటుంది. కర్రసుత్తితో బంతిని కొట్టి చిన్న ద్వారాలలోనుంచి పోనివ్వటం దాని పద్ధతి. ఆట పిల్లలది, స్థిరపడింది మాత్రం పెద్దవాళ్ళ దగ్గర. జట్టుకు అయిదుగురు. ఒకరు రాకపోతే తక్కిన నలుగురూ "ఏమైంది?" అని అడుగుతారు. ఆ అడగటంలోనే వున్నది మందు.

సందడి గిట్టనివారు వుంటారు. వారికి చెట్లున్నాయి. జగిత్యాల మామిడికి పేరున్న సంగతి మీకు తెలిసిందే. మా వైపు పెద్దలలో అంటుకట్టటం తెలిసిన చేతులు ఇంకా వున్నాయి. టెంకనుంచి మొలిచిన మొక్క మీద మంచి జాతి కొమ్మను ఏటవాలుగా కోసి, రెండు గాయాలూ అతికేటట్టు కట్టి, కాపు కోసం ఏళ్ళు చూడాలి. డెబ్బయ్యో ఏట అంటు కట్టిన మనిషికి బతకటానికి కారణం ఒకటి దొరికినట్టే. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యగారు జేబుల్లో విత్తనాలు పోసుకుని సైకిలు మీద తిరిగి, ఖాళీ కనిపించినచోటల్లా నాటారు. కోటికి పైగా మొక్కలు నాటారని ప్రతీతి. జనం ఆయనను వనజీవి అన్నారు. ప్రభుత్వం 2017లో పద్మశ్రీ ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా ఆయన చెట్ల మాటే మాట్లాడారు. అందరూ కోటి నాటలేరు. పెరట్లో ఒక చిక్కుడు పాదు, ఒక బీర తీగె, నాలుగు గునుగు మొక్కలు ఎవరైనా పెంచవచ్చు. కాసిన బీరకాయలు పక్కింటికి పంపిస్తే మాటలు కూడా కలుస్తాయి.

"కాళ్ళూ చేతులూ సహకరించవు, నావల్ల ఏమవుతుంది?" అనేవారికి చెవులున్నాయి. గోదావరికి అవతల ఆదిలాబాద్ జిల్లాకు చెందిన సామల సదాశివగారు వృత్తికి ఉపాధ్యాయులు. ఆయన వ్యాపకం సంగీతం. కచేరీలు చేసి కాదు సుమా, వినటం ద్వారా! హిందుస్తానీ గాయకులను జీవితమంతా శ్రద్ధగా విన్నారు. విన్నదాన్ని మంచి తెలుగులో ముచ్చటించారు. ఆ ముచ్చట్ల సంపుటి 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చేసరికి ఆయనకు 83 ఏళ్ళు. వినటం కూడా వ్యాపకం కాగలదు, మనసు పెట్టి వింటే.

కొత్తది నేర్చుకునే వయస్సు దాటిపోయిందంటారా? పాత కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావుగారు 1980లలో, అరవై దాటిన తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఊరికే మీటలు నొక్కటం కాదు, ప్రోగ్రాములు రాసేదాకా నేర్చుకున్నారు. ఆయన పండితుడు, ఆయన సంగతి వేరంటారేమో. సరే, మా జిల్లానుంచే ఇంకొకరిని చూపిస్తాను. మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ. కూలిపనులు చేసింది, బీడీలు చుట్టింది. యాభై దాటిన తర్వాత తమ ఊరి కుర్రాళ్ళు తీసే 'మై విలేజ్ షో' వీడియోలలో నటించటం మొదలుపెట్టింది. తన యాస, తన కోపం, తన నవ్వు, ఏవీ మార్చుకోలేదు. 2019లో 'మల్లేశం' సినిమాలో కనిపించింది. 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్ళి తెలుగునాట ఇంటింటికీ తెలిసింది. అందరు అవ్వలకూ ఈ పేరు రాదు. రానక్కర్లేదు కూడా. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది పేరు కాదు. ఆ కుర్రాళ్ళకు ముసలమ్మను పిలవాలని తోచింది. ఆమెకు పోవాలని తోచింది. ఈ రెండూ కలవటమే కష్టం.

ఎందుకు కష్టమో చెబుతాను. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు జబ్బుపడితే డబ్బు ఖర్చుపెడతాం. తీర్థయాత్రకు పోతామంటే టికెట్టు కొంటాం. సరదాపడితే మాత్రం ఒప్పుకోం. "ఈ వయస్సులో ఇదేం సోకు?" అంటాం. ఆడవాళ్ళ విషయంలో మరీను. మగవాడికి గద్దె వుంది, చాయ్ హోటలు వుంది. ఆడమనిషికి పొయ్యి దగ్గర విరమణ వయస్సు లేదు. జీవితంలో తీరిక అంటే ఎరగని మనిషికి అరవయ్యో ఏట తీరిక ఇస్తే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. బీడీలు మానేసిన ఒక అమ్మను ఎరుగుదును. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆమె బొటనవేలు, చూపుడువేలు లేని ఆకును చుడుతూనే వుంటాయి.

మా వీధిలో ఒక అవ్వ కోలాటం బృందంలో చేరింది. ఎవరో ఆ ఆట వీడియో తీసి సౌదీలో వున్న కొడుక్కు పంపారు. కొడుకు ఆ రాత్రే ఫోను చేశాడు.

"ఈ వయసుల గీ ఎగురుడేందే అవ్వా? నలుగురు నవ్వుతున్నరు" అన్నాడు.

"నన్ను జూసి నలుగురు నవ్వుతలేరు కొడుకా. మేం నలుగురం కలిసి నవ్వుతున్నం" అన్నది ఆమె.

కొడుకు కాసేపు ఏమీ అనలేదట. తర్వాత, "మోకాళ్ళు పైలం" అన్నాడట. మంచి కొడుకు. అందరు అవ్వలకూ అంత జవాబు తట్టదు, అందరు కొడుకులూ అంత తొందరగా దిగిరారు. ఒక మాట పడగానే కోలలు అటక మీద పెట్టేసి గడప దగ్గర కూర్చునేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఎందుకు డీలాపడ్డారో మనం ఆరు నెలల తర్వాత డాక్టరును అడుగుతాం.

"కృష్ణా రామా అనుకోక ఇవన్నీ ఎందుకు?" అనే పెద్దలు కూడా వున్నారు. కృష్ణా రామా అనుకోవటానికి మూల కూర్చోనక్కర్లేదు. పదిమందిలో చిరుతలు పట్టుకుని అంటే పుణ్యమూ తగ్గదు, ఒళ్ళూ కదులుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. మనవలను ఆడించటం సంతోషమే, కాదనను. అయితే పొద్దున్నుంచి రాత్రిదాకా పసివాణ్ణి ఒళ్ళో పడేసి, "అమ్మకు మంచి కాలక్షేపం" అనుకోవటం అన్యాయం. దాని పేరు వ్యాపకం కాదు, చాకిరీ. ఏది వద్దనుకున్నరోజు మానటానికి వీలుంటుందో, అయినా మానబుద్ధి కాదో, అదే వ్యాపకం.

కొన్ని జాగ్రత్తలు. గుండెజబ్బు, రక్తపోటు, చక్కెర వున్నవాళ్ళు కొత్తగా నడకో ఆటో మొదలుపెట్టే ముందు డాక్టరుతో ఒక మాట అనుకోవాలి. చక్కెరకు మందు వేసుకున్నవారు పరగడుపున దూరం నడవరాదు. మొదటి వారం పది నిమిషాలు చాలు. జారే చెప్పులు వద్దు. చదువు వ్యాపకమైతే ముందు కంటిపొర సంగతి చూపించుకోవాలి. అక్షరాలు అలుక్కుపోతుంటే ఎంత మంచి నవలైనా విసుగే. ఇక వీలైతే వ్యాపకాన్ని యాభై దాటగానే మొదలుపెట్టాలి. వీడ్కోలు సభ మరునాడు వెతుక్కుంటే కంగారుగా వుంటుంది.

ఇప్పుడు ఈ వ్యాసం చదువుతున్న కొడుకులకూ కోడళ్ళకూ, కూతుళ్ళకూ అల్లుళ్ళకూ ఒక పని చెబుతాను. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని, "నీకు చిన్నప్పుడు ఏమంటే ఇష్టంగా వుండేది?" అని అడగండి. బతుకమ్మ పాటలంటే, ఒక నోటుపుస్తకం తెచ్చి, ఆమె పాడుతుంటే మీ పిల్లలచేత రాయించండి. అక్షరాలు నేర్చుకోవాలని వుండేదంటే, పలకా బలపం కొనండి. పచ్చీసు అంటే, గవ్వలు తెచ్చి ఎదురుగా మీరే కూర్చోండి. మొదటి ఆట మీరు తప్పక ఓడిపోతారు.

జవాబు వెంటనే రాకపోవచ్చు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో వాళ్ళను ఎవరూ అడిగి వుండరు. కాస్త ఆగండి. చెబుతారు.